డిక్కీలో దాచిన యూనిఫాం

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది నరసరావుపేట. బీటెక్ చేసి హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేశాను. పెళ్లయ్యాక డల్లాస్ వచ్చి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లూ డిపెండెంట్ వీసాలోనే గడిచిపోయాయి. పోయిన ఏడాది గ్రీన్‌కార్డు వచ్చింది. ఇద్దరు పిల్లలు, పదేళ్లు, ఆరేళ్లు. మా దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక కాలేజీ) అనాటమీ, మైక్రోబయాలజీ పూర్తి చేసి, ఎంట్రన్స్ రాసి నర్సింగ్‌లో సీటు తెచ్చుకున్నాను. ఆగస్టులో క్లాసులు. మావారు వద్దనలేదు, ఫీజు కూడా కట్టారు. కానీ వాళ్లమ్మగారికి మాత్రం 'హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్' అని చెప్పారు. ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు, వదిన నర్సు అంటే బాగోదట. మా అమ్మకి నేనూ అదే చెప్పాను. యూనిఫాం వచ్చిన రోజు, పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) ఫ్రెండ్స్ వస్తారు, కారు డిక్కీలో పెట్టెయ్ అన్నారు మావారు. ఇంకా అక్కడే ఉంది, కవరు కూడా విప్పలేదు. సెప్టెంబరులో అత్తయ్యగారు ఆరు నెలలకు వస్తున్నారు. ఆవిడకు బీపీ, మోకాళ్ల నొప్పులు. ఈ వయసులో ఇంత చదువు బుర్రకెక్కుతుందా? ఈ రెండేళ్ల కోర్సు చాలా, ఆగి నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లాలా? మావారి ఫ్రెండ్ చెప్పినట్టు టెస్టింగ్ కోర్సు చేసి ఐటీలోకి వెళ్లిపోనా? కోర్సు కోసం చేయించుకున్న టీబీ స్కిన్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, అదో టెన్షన్.
ఓ సోదరి, టెక్సస్

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి ముందు గబగబా జవాబు చెప్పేస్తాను. మీ కష్టం అక్కడ లేదు.

ఇద్దరు పిల్లలతో అనాటమీ గట్టెక్కి, పోటీలో సీటు తెచ్చుకున్న మనిషి బుర్రకెక్కుతుందా అని అడగడమేమిటి? ఎక్కింది కదా. రెండేళ్లదైనా నాలుగేళ్లదైనా చివర్లో రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పరీక్ష, చేతికొచ్చేది ఒకటే రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్సు. కొన్ని పెద్ద ఆసుపత్రులు డిగ్రీ వాళ్లకే మొగ్గు చూపుతాయి, నిజమే. ఆ మిగతా చదువు ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో పూర్తి చేసేవాళ్లు బోలెడుమంది. కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్లు పెదవి విరుస్తారు గానీ, అమెరికాలో ఈ రెండేళ్ల నర్సింగ్ 1952 నుంచీ నడుస్తోంది. నర్సుల కొరతతో ఆసుపత్రులు అల్లాడుతున్న రోజుల్లో మిల్‌డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ఆలోచించి పెట్టిన పద్ధతి అది. ఇక టెస్టింగ్ కోర్సు. ఆ సలహా ఇచ్చినాయన మీ మార్కులు చూసి ఇచ్చారా, మీవారి ముఖం చూసి ఇచ్చారా?

టీబీ సంగతికి కంగారొద్దు. చిన్నప్పుడు ఎడమ భుజం మీద వేసిన బీసీజీ టీకా వల్ల మనవాళ్లకు స్కిన్ టెస్ట్ అలా రావడం మామూలే. ఆ టీకా సంగతి డాక్టరుకు చెప్పి, బదులుగా రక్తపరీక్ష చేయించమనండి, బీసీజీ దానికి అడ్డురాదు. అందులోనూ పాజిటివ్ వస్తే ఎక్స్‌రే తీసి ఏం చేయాలో ఆయనే చెబుతారు.

ఇప్పుడు ఆ డిక్కీ దగ్గరికి వద్దాం.

అత్తగారికి తెలియకూడదని మీవారు అబద్ధమాడారని రాశారు. మరి ఆ రోజు పాట్‌లక్‌కి వచ్చింది మీ అత్తగారు కాదు కదా! సాఫ్ట్‌వేర్ వాళ్లు, వాళ్ల భార్యలు. వాళ్ల కంట పడకూడదని ఆ కవరు డిక్కీలోకి పోయింది. అంటే సిగ్గుపడుతున్నది ఆవిడ కాదు, మీవారు. తల్లి పేరు, చెల్లెలి పెళ్లి ఆయనకు మంచి సాకులు దొరికాయి. పాపం ఆ పెద్దావిడ ఏమంటారో ఎవరూ అడగనే లేదు. ఆవిడ తరఫున ఆయనే అనేసుకున్నారు.

ఆయన చెడ్డవాడని నేననడం లేదు. మీకు బీటెక్ ఉంది కాబట్టి పెల్ గ్రాంటు (మొదటి డిగ్రీ చదివేవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం) రాదు, ఫీజు జేబులోంచే కట్టాలి. ఆయన కట్టారు. కానీ ఫీజు కట్టిన మనిషి చదువు పేరు పైకి చెప్పలేకపోతే, ఆ చదువు ఇంట్లో దొంగసొత్తులా ఉంటుంది. మీరు దానికి తాళం వేశారు, మీ అమ్మకి కూడా అదే కథ చెప్పి. అది నాకు ఎక్కువ బాధ కలిగించింది. మీ అమ్మ దగ్గర అల్లుడు గొప్పకు పోతే పోవచ్చు. కన్నతల్లి దగ్గర మీకెందుకమ్మా?

మీ అమ్మను ఒకటి అడగండి, మీరు పుట్టినప్పుడు మిమ్మల్ని మొదట ఎత్తుకున్నది ఎవరని. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఉంది. ఆ జిల్లాలో ఎన్ని కుటుంబాల్లో పురుళ్లు అక్కడి నర్సమ్మల చేతుల మీద జరిగాయో లెక్కలేదు. ఆ ఇళ్లలోనే 'నర్సు కోడలా' అని ముఖం చిట్లిస్తారు. కరోనాలో చప్పట్లు కొట్టిన చేతులు కూడా అవే. నర్సు వదిన ఉందని వెనక్కి పోయే సంబంధమంటారా, పోనివ్వండి. రేపు మీ ఆడపడుచు జ్వరమొచ్చి పడుకుంటే ఆ ఇంట్లో ఎవరు చూస్తారో ఇప్పుడే తెలిసింది.

ఇదంతా ఆత్మాభిమానం గొడవ మాత్రమే అనుకోకండి, పాసవడానికీ సంబంధం ఉంది. క్లినికల్స్ (ఆసుపత్రిలో చేసే శిక్షణ) మొదలైతే ఉదయం ఆరున్నర, ఏడుకల్లా వార్డులో ఉండాలి. కొన్ని రోజులు పన్నెండు గంటలు. పేషెంటు ఒళ్లు తుడవాలి, పక్క మార్చాలి, బెడ్‌పాన్ తీయాలి, ఇంటికొచ్చి ఆ పేషెంటు కేర్ ప్లాన్, అంటే ఎలా చూసుకోవాలన్న ప్రణాళిక, రాయాలి. మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేసే కోడలు చీకటితో స్టెతస్కోపు తీసుకుని ఎక్కడికి పోతోందని అత్తగారు అడిగితే ఏం చెబుతారు? ఆరు నెలల పాటు రోజూ ఒక కథ అల్లుకోవాలి. ఆ ఓపిక చదువుకి కావాలి మీకు. చాలా కాలేజీల్లో పాస్ మార్కు 75కీ 78కీ మధ్య ఉంటుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి, 77 కావలసిన చోట, 76.4 వచ్చి ఒక సెమిస్టర్ మళ్లీ చదివింది. పైకి సవరించమంటే కుదరదన్నారు. ఆ టర్ములో ఆ పిల్ల ఇంట్లో చుట్టాలున్నారు, పరీక్ష ముందు రోజు రాత్రి పదిమందికి వండింది.

ప్రశ్నలు కూడా మన బీటెక్ పరీక్షల్లా ఉండవు. నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి, అందులో ముందు చేయాల్సింది ఏదో తేల్చాలి. నలుగురు పేషెంట్లుంటే మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు, ఇదీ వరస. బట్టీ పనికిరాదు. మొదటి వారం నుంచే రోజూ కొన్ని ప్రశ్నలు చేసి, తప్పినచోట ఎందుకు తప్పిందో చదువుకోండి. మందుల డోసు లెక్కల పరీక్షకు చాలా చోట్ల 90 శాతమో అంతకంటే ఎక్కువో అడుగుతారు. అక్కడ మీ ఇంజనీరింగ్ బుర్ర అక్కరకొస్తుంది.

ఇక చేయాల్సింది. అత్తగారు విమానం ఎక్కకముందే, మీవారే ఫోన్ చేసి, ఆమెతో నర్సింగ్ అన్న మాట వాడి చెప్పాలి. మీరు చేయకండి. కోడలు చెబితే తగువు, కొడుకు చెబితే సమాచారం. అదే రోజు మీరు మీ అమ్మకి చెప్పండి. ఆయన నీళ్లు నమిలితే, 'ఆగస్టు నుంచి ఎవరడిగినా నేను నిజమే చెబుతాను, ఈలోపు మీరు చెబితే మీ మర్యాద మీ దగ్గరే ఉంటుంది' అనండి. గొంతు పెంచనక్కర్లేదు. క్లినికల్స్ రోజుల్లో పిల్లల లంచ్‌బాక్స్, స్కూలు, రాత్రి వంట ఆయనవి. మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దావిడ నెత్తిన మీరిద్దరూ కలిసి ఆ పని పడేస్తారేమోనని నా అనుమానం. అది మాత్రం చేయకండి. ఆవిడ మీకు వేరే రకంగా పనికొస్తారు. బీపీ చూడటం ప్రాక్టీస్ చేయడానికి ఇంట్లోనే ఒక చేయి దొరుకుతుంది, రోజూ పొద్దున, సాయంత్రం. ఆవిడ తిట్టుకుంటూ చెయ్యి చాపినా సరే.

అన్నట్టు, కవరు కూడా విప్పలేదన్నారు. అంటే యూనిఫాం సైజు సరిపోయిందో లేదో మీకింకా తెలియదన్నమాట. ఈ రోజే తెచ్చి, వేసుకుని చూడండి. సరిపోకపోతే ఆగస్టులోపే మార్చుకోవాలి.