మందుల చీటీ మీద ఎస్‌ఓఎస్ అని ఉంటే ప్రమాదమని కాదు

మీ నాన్నగారి చీటీలో పారాసిటమాల్ 650 ఎదురుగా ఎస్‌ఓఎస్ అని ఉంది, ఆయన పరిస్థితి అంత సీరియస్‌గా ఉందా అని అడిగారు. కంగారు పడకండి. ఆపదలో ఓడలు పంపే ఎస్‌ఓఎస్ 1906లో బెర్లిన్ సదస్సులో దేశాలు ఒప్పుకున్న మోర్స్ సంకేతం. దాని అక్షరాలకు విడిగా అర్థమేమీ లేదు. చీటీ మీదిది లాటిన్ నుంచి వచ్చింది: సి ఓపస్ సిట్, అంటే అవసరమైతే. జ్వరమో నొప్పో ఉంటేనే వేసుకోమని, లేకపోతే అక్కర్లేదని.

మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్నాను. మోకాలి ఆపరేషనైన ఒక పెద్దావిడ, ఎస్‌ఓఎస్ అని రాసిన నొప్పి బిళ్లల్ని ప్రాణం మీదికొస్తే వాడదామని బీరువాలో దాచుకున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు, కాలు కదపలేక ఎక్సర్‌సైజులు కూడా మానేశారు. ఒక్క బిళ్ల కూడా తీయని స్ట్రిప్ తెచ్చి, "ఇది వెనక్కి తీసుకుంటారా బాబూ" అని అడిగితేగానీ సంగతి బయటపడలేదు. నాకైతే ప్రాణం ఉసూరుమంది.

ఇంకొందరు ఎస్‌ఓఎస్ అని రాసిన పారాసిటమాల్‌నీ మిగతా మందులతో కలిపి మూడు పూటలా మింగేస్తారు. పైగా జలుబు బిళ్ల ఒకటి. చాలా జలుబు బిళ్లల్లోనూ పారాసిటమాల్ ఉంటుందని ఎక్కువమందికి తెలీదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు. మోతాదు మించితే దెబ్బ కాలేయం మీదే.

నిజంగా వెంటనే ఇవ్వాల్సిన మందుకి డాక్టర్లు స్టాట్ అని రాస్తారు. బీడీ అంటే రెండు పూటలు, టీడీఎస్ మూడు పూటలు, హెచ్‌ఎస్ పడుకునే ముందు. ఓడీ మాత్రం జాగ్రత్త: బిళ్లల దగ్గర రోజుకొకసారి, కళ్లద్దాల చీటీలో కుడి కన్ను. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి ఇంకొకటి, అక్కడ 'అవసరమైతే' అనడానికి పీఆర్‌ఎన్ అని రాస్తారు.

నా మటుకు నాకు, ఉత్త ఎస్‌ఓఎస్ అని రాసి వదిలేస్తే అది సగం చీటీయే. దేనికి వేసుకోవాలి, మళ్లీ వేసుకోవాలంటే ఎన్ని గంటలు ఆగాలి, రోజుకి ఎన్నింటికి మించకూడదు, ఈ మూడూ డాక్టర్‌గారినే అడగండి. షాపులో కవరు మీద తెలుగులో రాయించుకోండి, అడిగితే ఎవరూ కాదనరు. నాన్నగారికి కాలేయం జబ్బు గానీ మద్యం అలవాటు గానీ ఉంటే మొదటి బిళ్ల వేయకముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.