ఇంటి రౌటర్‌లో పోర్టు తెరవబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తెనాలి ఇంట్లోని కెమెరాల రికార్డరును హైదరాబాదు నుంచి నీ ఫోన్‌లో చూసుకోవడానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ రూల్, అంటే బయటి నుంచి ఒక పోర్టుకు (తలుపు నంబరు లాంటిది) వచ్చేదాన్ని ఇంట్లోని ఒక పరికరానికి మళ్ళించే నియమం, పెట్టావనీ, ఎన్నిసార్లు సరిచూసుకున్నా బయటి నుంచి అది తెరుచుకోవడం లేదనీ రాశావు. నువ్వు పంపిన ఫోటోలో రూల్ సరిగ్గానే ఉంది. కాబట్టి దాన్నే మళ్ళీ మళ్ళీ చెరిపి రాయడం వృథా శ్రమ. ముందుగా తేల్చుకోవలసింది, ఇంటర్నెట్ వైపున మీ రౌటర్‌కు ఉన్న చిరునామా అచ్చంగా మీదేనా, లేక మరికొందరితో కలిసి పంచుకుంటున్నదా అన్నది.

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) అనే చోట ఉన్న నంబరును ఒక కాగితం మీద రాసిపెట్టు. ఆ ఇంటి వైఫై మీదనే ఉండి, మన ఐపీ ఎంతో చూపించే వెబ్‌సైట్లలో ఏదో ఒకటి తెరిచి, అది చూపిన నంబరుతో పోల్చి చూడు. రెండూ ఒకటే అయితే సగం పని అయినట్టే. స్టేటస్ పేజీలోని నంబరు 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యేదైతే, మీ కనెక్షన్, ఇంటర్నెట్ కంపెనీ వారి పెద్ద న్యాట్ (ఎందరినో ఒకే చిరునామాతో బయటికి పంపే ఏర్పాటు) వెనుక ఉందని అర్థం. 10తో గాని, 192.168తో గాని, 172.16 నుంచి 172.31 లోపు గాని మొదలైతే కంపెనీ న్యాట్ అయినా కావచ్చు, ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉండి అయినా ఉండవచ్చు.

ఈ తిప్పలన్నిటికీ మూలం చిరునామాల కొరత. ఐపీవీ4 అనే పాత చిరునామా పద్ధతిలో ఉండగలిగినవే సుమారు 429 కోట్ల చిరునామాలు. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో పూర్తిగా పంపకమైపోయింది, ఏప్రిల్ నాటికి మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు రిజిస్ట్రీ ఏప్‌నిక్ కూడా చివరి వాటాకు వచ్చి రేషన్ పద్ధతిలో ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకే ఇంటి కనెక్షన్లకు తలా ఒక చిరునామా ఇవ్వలేక, ఎందరో చందాదారులను ఒకే చిరునామా వెనుక ఉంచే పద్ధతి వచ్చింది. 100.64తో మొదలయ్యే వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ అవసరానికే కేటాయించారు.

న్యాట్ ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే నీ రూల్ ఎందుకు పలకడం లేదో తెలుస్తుంది. ఇంట్లో 192.168.1.23 అనే చిరునామా గల ఫోన్, తన 51514 పోర్టు నుంచి ఒక వెబ్‌సైట్ 443 పోర్టుకు ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) పంపిందనుకో. రౌటర్ ఆ ప్యాకెట్ మీద పంపినవారి చిరునామాను చెరిపి తన వ్యాన్ చిరునామా వేస్తుంది, అవసరమైతే పోర్టు నంబరును కూడా మార్చి, ఉదాహరణకు 40012 అని వేసి, ఈ మార్పును తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు 40012కు తిరిగి రాగానే పట్టిక చూసి ఫోన్‌కు అందిస్తుంది. మరి బయటివారు తమంతట తాముగా మొదలుపెట్టిన ప్యాకెట్ వస్తే పట్టికలో వరుస ఉండదు, అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే ఉండి ఫ్లాట్ నంబరు లేని పార్సిల్‌ను వాచ్‌మన్ వెనక్కి పంపినట్టు రౌటర్ దాన్ని లోపలికి రానివ్వదు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ పట్టికలో మనం ముందుగానే శాశ్వతంగా రాసిపెట్టే ఒక వరుస. అయితే కంపెనీ న్యాట్ వెనుక ఉన్నప్పుడు బయటి ప్యాకెట్ అక్కడి పట్టిక దగ్గరే ఆగిపోతుంది గనుక, మీ ఇంటి రూల్ దాకా రానే రాదు.

అలాంటి పరిస్థితే అయితే కంపెనీవారిని స్టాటిక్ ఐపీ (మారకుండా మీ ఒక్కరికే ఉండే చిరునామా) అడుగు. సాధారణంగా అదనపు రుసుము తీసుకుని ఇస్తారు. కొత్త చిరునామా పద్ధతి ఐపీవీ6 ఉంటే ప్రతి పరికరానికీ సొంత చిరునామా వస్తుంది కాబట్టి న్యాట్‌తో పనే లేదు, రౌటర్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఒక్కటి రాస్తే చాలు. కాకపోతే నువ్వు చూసే చోట కూడా ఐపీవీ6 ఉండాలి.

కంపెనీవారు గోడకు బిగించిన ఫైబర్ పెట్టె కూడా చాలా ఇళ్ళల్లో ఒక రౌటరే. దాని కింద నువ్వు కొన్న రౌటర్ పెడితే న్యాట్ రెండుసార్లు జరుగుతుంది. ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని ఆపి, కనెక్షన్‌ను నేరుగా దాటించే పద్ధతి) పెట్టించడమే నా లెక్కన మంచి పద్ధతి. అయితే ఆ మార్పుకు ముందే, కంపెనీ కనెక్షన్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకో. లేకపోతే తెనాలిలో నెట్ ఆగిపోయి, మీ నాన్నగారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

ఇక ఇంటి లోపలి సంగతి. రౌటర్ డీహెచ్‌సీపీ ద్వారా (అంటే తనంతట తానుగా) పరికరాలకు ఇచ్చే చిరునామాలు మారిపోతూ ఉంటాయి. ఇవాళ 192.168.1.50గా ఉన్న పరికరం కరెంటు పోయి వచ్చాక 192.168.1.34 అయితే, రూల్ మాత్రం పాత చిరునామాకే పంపుతూ ఉంటుంది. అందువల్ల అడ్రస్ రిజర్వేషన్ అనే పేజీలో ఆ పరికరపు మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ఒక చిరునామాను ఖాయం చేయి. ఆ తరువాతే రూల్ రాయాలి. కొన్ని రౌటర్లలో ఈ రూల్ పేజీ వర్చువల్ సర్వర్ అన్న పేరుతో ఉంటుంది. బయటి పోర్టు, లోపలి చిరునామా, లోపలి పోర్టు, టీసీపీయా యూడీపీయా (సమాచారం పంపే రెండు పద్ధతులు) అన్న గడులు నాలుగూ ఎలాగూ ఉంటాయి. వాటిలో చాలామంది తడబడేది చివరి గడి దగ్గరే. పరీక్షించేటప్పుడు ఆ ఇంటి వైఫై నుంచి కాకుండా మొబైల్ డేటా మీద చూడు. లోపలి నుంచి తన బయటి చిరునామాకే తిరిగి రావడం అన్ని రౌటర్లకూ చేతకాదు.

ఇంతవరకు రాసినదంతా పోర్టు ఎలా తెరవాలన్నది. ఏ పోర్టు తెరవాలన్నదానిలో మాత్రం నీ ఆలోచనతో నేను ఏకీభవించను. రికార్డరు పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవవద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసిన పని ఇదే: ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో ఇంటర్నెట్‌కు తెరుచుకుని ఉన్న కెమెరాలనూ, రికార్డర్లనూ, రౌటర్లనూ టెల్నెట్ (దూరం నుంచి ఆదేశాలు ఇచ్చే) పోర్టుల ద్వారా లొంగదీసుకుని, వాటిని అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లకు ఐపీ చిరునామాలు చూపే) సంస్థ మీదికి ఉసిగొల్పితే, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. బయటి పోర్టు నంబరు మార్చేస్తే ఎవరికీ తెలియదని నీకెవరో చెప్పి ఉంటారు. ఉన్నవే 65,535 పోర్టులు, వాటిని ఒక్కొక్కటిగా తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు వాడే 3389కీ, ఫైళ్ళ పంపకానికి వాడే 445కీ ఇదే మాట వర్తిస్తుంది. ఒక పరికరాన్ని మొత్తంగా బయట పెట్టే డీఎంజెడ్ గడిని ముట్టుకోకు. పరికరాలు మనల్ని అడగకుండానే పోర్టులు తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీని ఆపేయి. రౌటర్ పేజీ బయటి నుంచి తెరుచుకునే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆగి ఉందో లేదో చూడు.

నేనైతే ఒకే ఒక్క పోర్టు తెరుస్తాను, అది కూడా వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి గుప్తంగా వెళ్ళే దారి) కోసం. తెనాలిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి, దానిలో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాము నడిపి, యూడీపీ 51820ని దానికి మళ్ళించు. సరైన కీ లేనివారు తట్టితే వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు గనుక అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా బయటికి పొక్కదు. పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్లు ఎక్కువగా టీసీపీనే చూస్తాయి కాబట్టి అవి మూసి ఉందన్నా కంగారు పడకు, వైర్‌గార్డ్‌లో చివరి హ్యాండ్‌షేక్ (రెండు వైపులా కలుసుకున్న) సమయం కనిపిస్తే పని జరుగుతున్నట్టే. రాస్ప్‌బెర్రీ పైలో ఐపీ ఫార్వర్డింగ్‌నూ (ప్యాకెట్లను ముందుకు పంపడం), మాస్కరేడ్‌నూ ఆన్ చేయాలి. మాస్కరేడ్ కూడా న్యాట్ లాంటిదే: నీ ఫోన్ నుంచి వచ్చిన ప్యాకెట్ రికార్డరుకు పక్కనే ఉన్న రాస్ప్‌బెర్రీ పై నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది, జవాబు దారి తప్పదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని రిజర్వేషన్ చేయకముందే తీర్చుకోవాలి. హైదరాబాదులో నీ ఇంటి రౌటర్ కూడా 192.168.1 వరుసనే వాడుతుంటే, వీపీఎన్ కలిసినా 192.168.1.50 అనగానే నీ ఫోన్ ఆ పరికరాన్ని నీ ఇంట్లోనే వెతుకుతుంది. తెనాలి రౌటర్‌లో చుక్కల మధ్య మూడో సంఖ్యను మార్చి 192.168.57 అని పెట్టు. అప్పుడు రెండిళ్ళ చిరునామాలూ కలగలవవు. ఆ మార్పు తరువాత పాత రూల్‌లోని లోపలి చిరునామాలు పనికిరావు కాబట్టి దాన్ని తీసేసి, రాస్ప్‌బెర్రీ పైకి మళ్ళించే రూల్‌ను కొత్త చిరునామాతో రాయి.

స్టాటిక్ ఐపీ తీసుకోకపోయినా, పంచుకోని చిరునామా దొరికితే, రౌటర్‌లో డీడీఎన్‌ఎస్ (మారే చిరునామాకు ఒక మారని పేరు ఇచ్చే సేవ) పెట్టుకుంటే సరిపోతుంది. చిరునామా మారినప్పుడల్లా రౌటరే కొత్త నంబరును ఆ పేరుకు జతచేస్తుంది. కరెంటు కోతలు ఉన్న ఊరు కాబట్టి ఫైబర్ పెట్టెకూ, రౌటర్‌కూ, రాస్ప్‌బెర్రీ పైకీ కలిపి ఒక చిన్న యూపీఎస్ కూడా కొను.

అమ్మ వాళ్ళ గుమ్మం దగ్గర ఎవరున్నారో అప్పుడప్పుడు చూడడమే నీ అవసరమైతే, ఈ శ్రమంతా అక్కరలేదు. రికార్డరు తయారీదారు ఇచ్చిన యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. రికార్డరే బయటి సర్వర్‌కు తానుగా కనెక్షన్ పెట్టుకుంటుంది కాబట్టి కంపెనీ న్యాట్ వెనుక ఉన్నా అది నడుస్తుంది, రౌటర్‌లో ఏ రూలూ రాయనక్కరలేదు. అయితే ఆ దారిలో నీ కెమెరాల బాధ్యతలో కొంత ఆ తయారీదారు సర్వర్ల చేతిలో పెడుతున్నావు. రికార్డరు పాస్‌వర్డ్ మార్చడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం మాత్రం ఏ దారిలోనైనా తప్పవు.

ఏ దారి ఎంచుకున్నా, ఇప్పుడు నువ్వు పెట్టి ఉంచిన రూల్‌ను ఈ రాత్రికే తీసేయి. వచ్చే నెలలో కంపెనీవారు స్టాటిక్ ఐపీ ఇచ్చిన క్షణాన అది తనంతట తానే పనిచేయడం మొదలుపెడుతుంది, రికార్డరు పాస్‌వర్డ్ ఇంకా ఫ్యాక్టరీదే ఉందని నువ్వే రాశావు.

ఇట్లు,
మామయ్య