మోల్డ్ కోయించే ముందు మెటీరియల్ ఖాయం చేసుకోండి

మీరు అడిగింది: సెన్సర్ పెట్టెకు ప్లాస్టిక్ మూత, లోపలికి అల్యూమినియం బ్రాకెట్ కావాలి. ఇప్పుడు 50, మార్కెట్లో నిలబడితే 5 వేలు. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషీన్ మీద కోత) చేయించాలా, మోల్డ్ (కరిగిన ప్లాస్టిక్ పోసే స్టీల్ అచ్చు) చేయించాలా?

50కి మోల్డ్ జోలికి పోకండి. మూతను ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మెలో మిల్లింగ్ (తిరిగే కట్టర్‌తో కోత) చేయించండి, లేదా త్రీడీ ప్రింట్ తీయించండి. బ్రాకెట్ రేకు వంచితే వచ్చే ఆకారమైతే లేజర్ కటింగ్, బెండింగ్ సరిపోతాయి. డై కాస్టింగ్, అంటే కరిగిన లోహాన్ని అచ్చులోకి ఒత్తిడితో పోయడం, వేలల్లో కావాలన్నప్పుడే. అప్పుడు కూడా బేరింగ్ కూర్చునే రంధ్రం ఉంటే దాన్ని మళ్లీ మెషీన్ మీద కోయాల్సిందే.

5 వేలకు వెళ్లినప్పుడు అసలు టెన్షన్ మోల్డ్‌తోనే. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో (మోల్డ్‌లు తయారుచేసే షాపు) తొమ్మిదేళ్లు చేశాను. ఒకసారి 120 మి.మీ. మూతకు ఏబీఎస్ అనుకుని, 0.5 శాతం ష్రింకేజ్ (చల్లారేటప్పుడు ముడుచుకునేది) కలిపి క్యావిటీ, అంటే మూత బయటి ఆకారాన్నిచ్చే గుంత, 120.6కి కోశాం. ట్రయల్ బాగా వచ్చింది. ఆ తర్వాత ఖర్చు తగ్గుతుందని కస్టమర్ అదే మోల్డ్‌లో పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్ పోయించాడు. అది చల్లారేటప్పుడు ఒకటిన్నర శాతం దాకా ముడుచుకుంది. మూత 118.8 వచ్చింది, పెట్టె మీద కూర్చోనే లేదు! బయటి కొలత పెంచాలంటే క్యావిటీలో ఇంకాస్త స్టీల్ తీస్తే చాలు. లోపలి కొలత పెరగాలంటే మాత్రం కోర్ (మూత లోపలి ఆకారాన్నిచ్చే దిమ్మె) లావవ్వాలి. కోసేసిన స్టీల్ తిరిగి రాదు కదా, కోర్ మొత్తం కొత్తగా చేశాం. డబ్బు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ ఆ పని కంటే ఎక్కువ రోజులు నడిచింది. అప్పటినుంచి అనుమానమున్న చోట స్టీల్ కాస్త ఎక్కువే ఉంచేవాళ్లం. ట్రయల్ చూశాక తీసేయొచ్చు.

ఇంకో మాట. కొత్తవాళ్లు డ్రాయింగ్‌లో ప్రతి కొలతకూ ±0.01 మి.మీ. తేడా మించకూడదని రాసేస్తారు. అది చూడగానే షాపులో రేటు పెంచేస్తారు, వాళ్ల తప్పేం లేదు. బేరింగ్, డోవెల్ పిన్ (రెండు భాగాలను సరిగ్గా కుదిర్చే పిన్ను) కూర్చునే చోట అంత ఖచ్చితత్వం అడగండి, మిగతాచోట ±0.1 చాలు. ప్లాస్టిక్‌కైతే మైక్రాన్ల లెక్క అసలు నిలవదండి. 120 మి.మీ. ఏబీఎస్ ముక్క 10 డిగ్రీలు వేడెక్కితేనే దాదాపు 0.1 మి.మీ. సాగుతుంది. ట్రయల్ ముక్కను మెషీన్ నుంచి తీయగానే వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు) పెట్టకండి, మర్నాడు కొలవండి.

మూత గోడ మందం ఎంత అనుకుంటున్నారో చెప్పండి. 2 మి.మీ. దగ్గర ఉంటే రిబ్బుల (గోడకు బలమిచ్చే లోపలి పట్టీలు) మందం అందులో సగానికి మించకూడదు, లేదంటే పైన గుంటలు కనిపిస్తాయి.