డ్యామ్ దగ్గర ఉద్యోగమా, డేటా సైన్సా?

ప్రశ్న: మా అబ్బాయి ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) మూడో సంవత్సరం. కాలేజీ వాళ్లు నాగార్జునసాగర్ పవర్ హౌస్ చూపించినప్పటి నుంచి, లోడ్ (జనరేటర్ మీద పడే కరెంటు భారం) మారుతున్నప్పుడు పెద్ద హైడ్రో జనరేటర్ల ఎఫిషియెన్సీ ఎలా కొలవాలి అన్న ప్రాజెక్టు పట్టుకున్నాడు. ఎంటెక్ కూడా అదే లైన్లో చేస్తానంటున్నాడు. నేను వాడికి చెప్పకుండా అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సుకి అడ్వాన్స్ కట్టాను. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. బ్రాంచి పేర్లు మారతాయి, టెన్షన్ మాత్రం ఒకటే. పక్క ఫ్లాట్ వాళ్ల అబ్బాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చి, మనవాడు ఎక్కడో డ్యామ్ దగ్గర మిగిలిపోతాడేమోనని. మీరు అడిగింది పోలికే కానీ, నేను ముందు ఆ భయానికే జవాబు చెబుతాను.

మీవాడు పట్టుకున్నది ఏమిటో మీకు తెలుసా? సాగర్ ప్రధాన పవర్ హౌస్‌లో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్లవి ఏడు ఉన్నాయి. ఆ ఏడూ అవసరమైతే నీళ్లను వెనక్కి తోడగలవు. ఇంత పెద్ద జనరేటర్ల ఎఫిషియెన్సీ మామూలుగా 98 శాతం పైనే ఉంటుంది. లోపలికి వెళ్లిన పవర్, బయటికి వచ్చిన పవర్ కొలిచి భాగిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ మొత్తం నష్టమే ఒకటిన్నర శాతమైతే, కొలతలో అర శాతం తప్పు దొర్లినా నష్టం లెక్కలో మూడో వంతు గల్లంతే. డ్రైవర్ బరువు తెలుసుకోవడానికి లారీని కాటా ఎక్కించినట్టు ఉంటుంది.

అందుకని నష్టాన్నే పట్టుకుంటారు. నష్టమంటే వేడి. అందులో ఎక్కువ భాగాన్ని కూలర్లలో తిరిగే నీళ్లు మోసుకుపోతాయి. సెకనుకి 60 లీటర్ల చొప్పున నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తే, సుమారు 1500 కిలోవాట్లు వేడిగా పోతున్నట్టు. ఆ 6 డిగ్రీల తేడా చదవడంలో పదో వంతు డిగ్రీ తప్పు వస్తే లెక్క 25 కిలోవాట్లు అటూ ఇటూ అవుతుంది. బేరింగ్ ఆయిల్‌లోకి పోయేది, యంత్రం పైభాగం నుంచి గాలిలోకి పోయేది వేరే లెక్క.

లోడ్ మార్చేసరికి పని ఇంకా పెరుగుతుంది. గాలి రాపిడి, బేరింగ్ రాపిడి, ఇనుప భాగంలో పోయే కోర్ లాస్, ఇవి లోడ్ ఎంతున్నా దాదాపు అంతే. స్టేటర్ (తిరగని భాగం) రాగి తీగల్లో పోయే కాపర్ లాస్ మాత్రం కరెంటు సగమైతే పావు వంతుకి పడిపోతుంది. అయినా బాగా తక్కువ లోడ్‌లో ఎఫిషియెన్సీ దిగిపోతుంది, ఎందుకంటే మారని నష్టాలన్నీ ఆ కొద్దిపాటి ఉత్పత్తి మీదే పడతాయి. ఒక్కో లోడ్ దగ్గర ఉష్ణోగ్రతలు నిలకడకి వచ్చేదాకా గంటల తరబడి కూర్చోవాలి. అంతసేపు లోడ్ కదలకుండా ఉంచడానికి ఏ యూనిట్ ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ వాళ్లు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు ఈ పని ఇష్టపడి చేస్తానంటుంటే అడ్డం పడతారా?

ఇక డేటా సైన్స్. నా అనుమానం ఆ చదువు మీద కాదు, దాన్ని అమ్మే తీరు మీద. గణితం మీద ప్రేమ ఉన్నవాళ్లకి అది మంచి దారే. కానీ కొన్ని నెలల కోర్సు చేసి వచ్చిన పిల్లల రెజ్యూమెలు నా టేబుల్ మీద పెడితే పేరు తప్ప తేడా కనిపించదు. అదే ఇళ్ల ధరల అంచనా ప్రాజెక్టు, అవే గ్రాఫులు. ఆ డేటా ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు కొలిచారు అని అడిగితే నీళ్లు నములుతారు. మీవాడు నేర్చుకుంటున్నది సరిగ్గా ఆ మొదటి మెట్టే. ఆ రీడింగుల విశ్లేషణకి పైథాన్ ప్రోగ్రామింగ్ ఎలాగూ కావాలి, అది వాడు ఇంట్లో కూర్చుని నేర్చుకుంటాడు. దానికి మీరు అప్పు చేయనక్కర్లేదు.

వాడికి చెప్పకుండా డబ్బు కట్టడం మాత్రం తప్పండీ. ఇంటర్‌లో గ్రూపు మీరే ఎంచి ఉంటారు, కాలేజీ మీరే ఎంచి ఉంటారు. మొదటిసారి వాడంతట వాడు ఒకటి ఇష్టపడితే, కనీసం ఒక సాయంత్రం కూర్చుని ‘అదేంట్రా, నాకూ చెప్పు’ అన్నారా?

కోర్ లైన్లో, అంటే చదివిన బ్రాంచి ఉద్యోగాల్లో, కష్టాలు లేవని చెప్పను. ఖాళీలు తక్కువ, జెన్‌కో (ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ) నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల ముందు చిన్నదిగా కనిపించవచ్చు, సైట్ ఊరికి దూరం. అయితే పనికి కరువు రాదు. పగలు సోలార్ కరెంటు వచ్చి పడి, సాయంత్రం మాయమవుతుంటే, ఆ ఎగుడుదిగుళ్లని సర్దేది హైడ్రో యూనిట్లే. ఒకప్పుడు నిలకడగా నడిచిన యంత్రాలు ఇప్పుడు సగం లోడ్‌లో, ముప్పావు లోడ్‌లో తిరగాల్సి వస్తోంది. ఏ లోడ్‌లో ఎంత పోతోందో చెప్పగలిగేవాళ్లు కావాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి నిల్వచేసి, కావాల్సినప్పుడు కరెంటు తీసే ప్రాజెక్టు), పోలవరంలో 960 మెగావాట్ల హైడ్రో ప్రాజెక్టు, ఇవన్నీ మన చుట్టుపక్కలవే.

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష సంగతి వాడికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది. ఎంటెక్‌కి ఐఐటీ రూర్కీలో జలవిద్యుత్తు, పునరుత్పాదక ఇంధనాలకి ప్రత్యేక విభాగం ఉంది, అది చూడమనండి. ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టు రిపోర్టులో ప్రతి రీడింగు పక్కనా ‘ఇది ఎంతవరకు తప్పు కావచ్చు’ అని ఒక కాలమ్ పెట్టమనండి. చాలామంది పిల్లలు దాన్ని వదిలేస్తారు. ఎంటెక్ ఇంటర్వ్యూలో వాడు ధైర్యంగా మాట్లాడగలిగేది ఆ కాలమ్ గురించే.