పురుగు తిన్న జింకు ఎటు పోయింది?

ప్రశ్న: పురుగు ఒంట్లో జింకు ఎంతుందో మామూలు రసాయన పరీక్షలోనే తెలుస్తుంది కదా, మరి రేడియోధార్మిక జింకు తినిపించడం ఎందుకు? ఆ రేడియేషన్‌కి పురుగే దెబ్బతింటే ఫలితాన్ని ఎలా నమ్మాలి?

జవాబు: రసాయన పరీక్ష ఎంతుందో చెబుతుంది, అంతవరకే. అందులో నిన్న తిన్నది ఎంత, ముందునుంచీ ఉన్నది ఎంత అంటే చెప్పలేదు, పైగా పరీక్ష కోసం పురుగును చంపాలి. తినిపించే రేడియోధార్మిక రకం, అంటే జింకు-65, కూడా జింకే, పురుగు శరీరానికి అదీ మామూలు జింకూ ఒకటే. కానీ ఇది గామా కిరణాలు వదులుతుంది కాబట్టి బతికున్న మిడతను చిన్న గొట్టంలో పెట్టి, ఆ కిరణాలను లెక్కపెట్టే కౌంటర్‌లో లెక్క చూసి, మళ్లీ పంజరంలో వదిలేసి, మర్నాడు అదే మిడతను మళ్లీ చూడొచ్చు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఇదే. దీనికి దారి వేసిన శాస్త్రవేత్త హెవెసీ 1923లో రేడియోధార్మిక సీసం మొక్కల్లో ఎలా తిరుగుతుందో చూశాడు, ఇలా జాడ పట్టడానికి వాడే రేడియోధార్మిక పదార్థాలనే ట్రేసర్లు అంటారు, 1943 రసాయన నోబెల్ ఆయనకు ఈ పనికే వచ్చింది.

ఒక్కపూట తినిపించి ఆపేస్తే మొదట లెక్క గబగబా పడిపోతుంది. అది ఒంటికి పట్టని మేత మలంతో బయటికి పోవడం, దాన్ని చూసి పురుగు జింకును వదిలించేసుకుంటోంది అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గే భాగమే అసలైనది, ఒంటికి పట్టిన జింకు ఎన్నాళ్లు నిలుస్తుందో అక్కడే తెలుస్తుంది. ఎక్కడ నిలుస్తుందో కావాలంటే మాత్రం కొన్నిటిని కోసి భాగాలు విడివిడిగా కొలవాల్సిందే. డ్రోసోఫిలా ఈగలో అయితే మన మూత్రపిండాల పని చేసే మాల్పీజియన్ నాళికల్లోనే జింకు బాగా పోగవుతుంది.

మలం ఎప్పటికప్పుడు తీసేయాలి, విడిచిన కుబుసాన్ని కొన్ని పురుగులు తినేస్తాయి కాబట్టి దాన్నీ తీసేయాలి, లేదంటే పోయిన జింకు మళ్లీ లోపలికే వస్తుంది. ఆ రేడియోధార్మిక జింకు దానంతటది క్షీణించే లెక్క కూడా సరిచేయాలి. జింకు-65 అర్ధాయువు, అంటే క్షీణించి సగమయ్యే కాలం, సుమారు 244 రోజులు కాబట్టి కొద్ది రోజుల ప్రయోగంలో పెద్ద తేడా రాదు, అదే ట్రేసర్‌గా వాడే భాస్వరం-32 అయితే 14.3 రోజులే, రెండు వారాల్లో లెక్క సగమైతే పురుగు దాదాపు ఏమీ వదల్లేదనే అర్థం!

ఇక రేడియేషన్ సంగతి. మీ అనుమానం సరైనదే, ముఖ్యంగా ఎదిగే లార్వాల విషయంలో, ఎందుకంటే వాటిలో కణాలు విభజన చెందుతూ ఉంటాయి. పూర్తిగా ఎదిగిన పురుగులు మనకంటే చాలా ఎక్కువ తట్టుకుంటాయి. కౌంటర్ అతి కొద్దిపాటి ట్రేసర్‌నీ పట్టేస్తుంది కాబట్టి మోతాదు బాగా తగ్గించొచ్చు, పక్కనే మామూలు జింకు తిన్న పురుగులను కూడా పెంచి ఎదుగుదల, చావులు రెండు గుంపుల్లో ఒకేలా ఉన్నాయా అని పోల్చి చూడాలి.