చెప్పులు విప్పి చూశాకే ఎంచుకో

చిరంజీవి అల్లుడికి,

మీ మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆ ఎడారి ఊళ్ళో మీ ఇంటి ఈత కొలను, అదే పూల్, పని గోడల దాకా వచ్చిందనీ, చుట్టూ నేలకి ఏం వేయాలో తేలక టెన్షన్ పడుతున్నాననీ రాశావు. కేటలాగ్‌లో నువ్వు గుర్తు పెట్టిన ముదురు బూడిద రంగు రాయి నిజంగానే అందంగా ఉంది. అయినా అది వద్దు. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చూడాలో వివరంగా రాస్తున్నాను. ఫోన్లో చెప్పుకుంటే సగం మర్చిపోతాం.

ఎడారిలో గాలి 45 డిగ్రీలు ఉన్న రోజున ఎండలో ఉన్న నేల 45 దగ్గర ఆగదు. ముదురు రంగు రాయి, తారు మధ్యాహ్నానికి 65, 70 డిగ్రీల దాకా పోతాయి. మామూలు బూడిద కాంక్రీటు కూడా 50 దాటుతుంది. మన చర్మానికి 44 డిగ్రీల దగ్గరే నొప్పి మొదలవుతుంది. 60 దాటిన రాయి మీద ఒట్టి కాళ్ళతో నిలబడితే కాలడానికి నిమిషం కూడా అక్కర్లేదు. అమెరికాలో ఫీనిక్స్ నగరంలో 2023 వేసవిలో వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. ఆ రోజుల్లో రోడ్డు మీదో ఇంటి ముందో పడిపోయి, వెంటనే లేవలేక, ఒళ్ళు కాలి ఆసుపత్రిలో చేరినవాళ్ళు ఎందరో. వాళ్ళని కాల్చింది మంట కాదు, వేడినీళ్ళూ కాదు. ఒట్టి నేల.

నేను సైట్ సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో ఒక ఇంటికి ఇలాంటి ముదురు రాయే వేయించాను. ఇంటాయనకి నచ్చింది, నాకూ నచ్చింది. మొదటి వేసవిలోనే వాళ్ళ పిల్లవాడు నీళ్ళలోంచి లేచి ఇంట్లోకి పరిగెత్తబోయి సగం దారిలో ఆగిపోయాడు. ముందుకీ రాలేడు, వెనక్కీ పోలేడు. రెండు పాదాలూ బొబ్బలెక్కాయి. తర్వాత ఆ రాయంతా పీకి మళ్ళీ వేశాం. తప్పు నాదే. ఆ శాంపిల్‌ని ఏసీ గదిలో టేబుల్ మీద పెట్టుకుని చూసి సరే అన్నాను. ఎండలో పెట్టి చూడలేదు.

ఇంకో మాట. మీ అమ్మ ఏటా కొన్ని నెలలు నీ దగ్గరే ఉంటుంది కదా. అక్కయ్యకి ఎన్నో ఏళ్ళుగా షుగర్. అరికాళ్ళలో స్పర్శ తగ్గిందని పోయినసారి నాతో అంది. అలాంటి పాదానికి కాలుతున్న సంగతి తెలియదు. సాయంత్రం బొబ్బ కనిపిస్తేనే తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కాలి పుండు మానడం ఎంత కష్టమో, ఎంత దూరం పోతుందో నీకు చెప్పక్కర్లేదు. ఇక పాపకి ఇంకా లేత పాదాలు. నువ్వూ అమ్మాయీ చటుక్కున గెంతి నీడలోకి పోగలరు. వాళ్ళిద్దరూ పోలేరు. కాబట్టి ఈ నేలని వాళ్ళ పాదాల కోసమే ఎంచుకో.

రాయి వేడెక్కడంలో రెండు సంగతులున్నాయి. మొదటిది రంగు. లేత రంగు ఎండని తిప్పి కొడుతుంది, ముదురు రంగు మింగేస్తుంది. అమ్మేవాళ్ళ దగ్గర దీనికి ఎస్ఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. ప్రమాణంగా పెట్టుకున్న నలుపుకి 0, తెలుపుకి 100. అడిగి రాసుకో. అయితే అది కొత్త రాయికి కొలిచిన అంకె. దుమ్ము పట్టాక తగ్గుతుంది. రెండోది, ఆ వేడిని రాయి నీ కాలికి ఎంత తొందరగా అందిస్తుంది అన్నది. ఒకే ఎండలో ఉన్న చెక్క బల్లనీ, ఇనుప కడ్డీనీ పట్టుకుని చూడు. రెండూ దాదాపు ఒకే వేడి మీద ఉన్నా ఇనుము చురుక్కుమంటుంది, చెక్క ఓర్చుకోనిస్తుంది. గట్టిగా, దట్టంగా ఉన్న గ్రానైట్ వేడిని గబగబా కాలిలోకి దింపుతుంది. లోపల గాలి సందులున్న రాయి నెమ్మదిగా దింపుతుంది. ట్రావర్టైన్ అనే చిల్లుల సున్నపురాయికి పూల్ పనుల్లో పేరు వచ్చింది ఇందువల్లే. కానీ షాపులో "చల్లటి రాయి" అంటే నమ్మకు. ఎండలో పడి ఉన్న ఏ రాయీ చల్లగా ఉండదు. కొన్ని తక్కువ కాలుస్తాయి, అంతే. ట్రావర్టైన్‌లోనూ దంతపు రంగుది, గోధుమ రంగుది ఒకటి కాదు.

అలాగని తెల్లగా మెరిసేది వేయకు. ఎడారి ఎండలో కళ్ళు తెరవలేరు. లేత ఇసుక రంగు, మీగడ రంగు మంచివి. గాలిదుమారం వచ్చి పోయాక ఆ దుమ్ము కూడా వాటి మీద ఎబ్బెట్టుగా కనిపించదు.

ఇప్పుడు అసలు పని. మూడు నాలుగు రకాల శాంపిళ్ళు తెచ్చుకో. అగ్గిపెట్టంత ముక్కలు పనికిరావు. అడుగు పొడవూ వెడల్పూ ఉండాలి, వేయబోయే మందంలోనే ఉండాలి. వాటిని పూల్ పక్కన నేల మీదే పరిచిపెట్టు. స్టూల్ మీద పెడితే అడుగున గాలి ఆడి లెక్క తప్పుతుంది. పొద్దున పది నుంచి ఎండలో వదిలేసి మధ్యాహ్నం మూడింటికి వెళ్ళు. ముందు చేతి వెనక భాగం ఆనించి అయిదు లెక్కపెట్టు. ఓర్చుకోగలిగితేనే కాలు పెట్టు. నీ కాలు గట్టిపడిన కాలని గుర్తుంచుకో. నువ్వు "పర్లేదు" అన్నది పాపకి పర్లేదు కాదు. అమ్మ చేత మాత్రం కాలు పెట్టించకు. తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే అంకెలు రాసుకో, కానీ మెరిసే వాటి మీద, లోహం మీద అది తప్పు చూపిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ వెళ్ళి ముట్టుకుని చూడు. మందపాటి ముదురు రాయి పొద్దుగూకాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. నువ్వు పూల్‌లోకి దిగేది ఎక్కువగా ఆ వేళకే.

తర్వాత ఆ శాంపిళ్ళ మీద నీళ్ళు పోసి, కొంచెం సన్‌స్క్రీన్ రాసి, ఎవరి చెయ్యయినా పట్టుకుని ఒట్టి కాలితో జారుతుందేమో చూడు. ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే. వేడి గురించి ఆలోచిస్తూ జారుడు గురించి మర్చిపోతాం.

నీది ఉప్పు సిస్టమ్ పూల్, అంటే నీళ్ళలో కలిపిన ఉప్పు నుంచే క్లోరిన్ తయారుచేసుకునేది, అని రాశావు. అది ముఖ్యం. అలాంటి పూల్ నీళ్ళలో లీటరుకి మూడు గ్రాములు, ఆ పైన ఉప్పు ఉంటుంది. ఎడారి గాలికి ఒడ్డున చిందిన నీళ్ళు నిమిషాల్లో ఆరిపోతాయి, ఉప్పు రాయి సందుల్లో మిగిలిపోతుంది. అది లోపలే గడ్డకట్టి, ఉబ్బి, రాయిని పొరలు పొరలుగా లేపేస్తుంది. మెత్తటి సున్నపురాయి, ఇసుకరాయి అయితే రెండు మూడేళ్ళలోనే పొట్టు రాలవచ్చు. అందుకని ట్రావర్టైన్ తీసుకుంటే గట్టి రకం, మూడు సెంటీమీటర్ల మందంది, అంచులు గుండ్రంగా అరగదీసింది తీసుకో. రాయి లోపలికి ఇంకే సీలర్, అంటే నీళ్ళు పీల్చకుండా ఆపే మందు, కొట్టించు. పైన గాజులా పొర కట్టే సీలర్ వద్దే వద్దు. తడిస్తే జారుతుంది, ఎండకి పొలుసులు లేస్తుంది. శాంపిల్ ముక్కని రోజూ ఉప్పునీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరేస్తూ పది రోజులు చూస్తే దాని సత్తువ కొంత తెలుస్తుంది. ఇంకోటి, ట్రావర్టైన్‌కి యాసిడ్ పడదు. పూల్‌లో వేసే యాసిడ్ డబ్బా దాని మీద పెట్టినా మచ్చ పడుతుంది.

పోర్సిలేన్ టైల్‌కి ఉప్పుతో, యాసిడ్‌తో బెంగ లేదు. బయట వేసే రెండు సెంటీమీటర్ల మందం రకం దొరుకుతుంది. కానీ అది దట్టమైన సరుకు, కాబట్టి లేత రంగే తీసుకోవాలి. జారుడు గురించి అడిగితే అమ్మేవాళ్ళు ఆర్11 అని చూపిస్తారు. అది బూట్లు వేసుకుని, నూనె పోసిన వాలు మీద నడిచి కొలిచేది. నీకు కావాల్సింది తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నడిచి కొలిచే ఏ, బీ, సీ వర్గాలు. అందులో సీ అంటే 24 డిగ్రీల వాలు దాకా జారనిది. మెట్ల దగ్గర అదే వేయించు.

కాంక్రీటు పోసి పైన గరుకైన లేత రంగు యాక్రిలిక్ పూత వేయడం ఎడారి ఊళ్ళలో బాగా వాడుకలో ఉంది. ఖర్చు తక్కువ, కాళ్ళకీ హాయి. కొన్నేళ్ళకోసారి మళ్ళీ పూయించుకోవాలి. కాంక్రీటు పోసిన 28 రోజులకి ముందు మాత్రం పూత వేయనివ్వకు, లోపలి తేమకి బుడగలొస్తాయి. చెక్క ఆ పొడి గాలికి పగుళ్ళిస్తుంది. ప్లాస్టిక్ కలిపిన చెక్క, రబ్బరు నేల, ప్లాస్టిక్ గడ్డి వైపు చూడకు. ఎండలో వాటి వేడి దారుణం. ముఖ్యంగా ఆ గడ్డి, పచ్చగా ఉండి మోసం చేస్తుంది.

నన్నడిగితే నా మనసు దంతపు రంగు ట్రావర్టైన్ మీదే ఉంది. వారానికోసారి మంచినీళ్ళతో నేలంతా కడిగించే ఓపిక ఉంటేనే. లేదంటే లేత ఇసుక రంగు పోర్సిలేన్.

ఏది వేసినా దానికంటే నీడ ఎక్కువ పని చేస్తుంది అల్లుడూ. నీడలో ఉన్న నేల గాలి వేడికి దగ్గరగా ఉంటుంది, ఇరవై డిగ్రీల తేడా కూడా రావచ్చు. పూల్ మెట్ల నుంచి ఇంటి తలుపు దాకా అక్కయ్య నడిచే దారి ఏదో చూసి, దాని మీద పందిరో గుడ్డ తెరో వేయించు. పడమటి ఎండ తప్పక ఆగాలి. చుట్టూ మూడేసి మీటర్ల నేల ఎందుకు? కూర్చునే వైపు వెడల్పు ఉంచి, మిగతా వైపుల ఒకటింబావు మీటరు చాలు. నేల తగ్గితే వేడీ తగ్గుతుంది, డబ్బూ మిగులుతుంది. నీళ్ళు చల్లి చల్లబరచుకోవచ్చులే అనుకోకు, కాసేపటికే ఆరిపోతుంది.

ఇక మేస్త్రీతో చెప్పాల్సినవి. నేల వాటం పూల్ వైపు కాకుండా బయటి వైపుకి, మీటరుకి రెండు సెంటీమీటర్లు. పూల్ అంచున ఉండే కోపింగ్ రాయికీ నేలకీ మధ్య సెంటీమీటరు సందు వదిలించు. ఎందుకంటే ఆరు మీటర్ల కాంక్రీటు, చలికాలం తెల్లవారుజాముకీ వేసవి మధ్యాహ్నానికీ మధ్య 50 డిగ్రీల తేడాకి మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. చోటు లేకపోతే కోపింగ్‌ని తోసి పగలగొడుతుంది. ఆ సందులో సాగే సీలెంట్ నింపాలి. చాలామంది మేస్త్రీలు నీట్‌గా ఉంటుందని సిమెంటుతో పూడ్చేస్తారు. నువ్వు దగ్గరుండి ఆపు.

కాంక్రీటు తెల్లవారుజామున పోయించు. పొడి గాలికి గంటలోపే పైభాగం ఆరి పగుళ్ళు తేలుతాయి. గట్టిపడగానే గోనెపట్టాలు కప్పి ఏడు రోజులు తడిగా ఉంచాలి.

పోసే ముందు అతి ముఖ్యమైన పని ఒకటుంది. కాంక్రీటు లోపల వేసే ఇనుప మెష్‌నీ, నిచ్చెన, లైట్లు, పంపు వంటి లోహపు భాగాలన్నిటినీ రాగి తీగతో ఒకదానికొకటి కలపాలి. ఎక్కడైనా కరెంటు లీకైతే తడి కాళ్ళవాళ్ళకి షాక్ కొట్టకుండా ఉండేది దానివల్లే. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించు. కాంక్రీటు పడ్డాక ఇక ఏదీ కనబడదు. అందుకే మెష్, తీగలు, పైపులు అన్నీ కనిపించేలా ఫోటోలు తీసి నాకు పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా లారీని రమ్మనకు.

అమ్మాయికి, పాపకి నా ఆశీస్సులు. అక్కయ్యకి ఈలోగా అడుగు మందంగా ఉన్న రబ్బరు చెప్పులు ఒక జత కొనిపెట్టు.

ఇట్లు,
మీ మావయ్య