గునుగు పేరులో నిప్పూ వెండీ

ప్రశ్న: గునుగుకు సెలోషియా అర్జెంటియా అనే శాస్త్రీయ నామం ఎందుకు వచ్చింది? సీతజడ పువ్వుకూ అదే పేరు రాస్తున్నారు. రెండూ ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: సెలోషియా అనే మాటకు మూలం గ్రీకులో ‘మండుతున్న’ అని అర్థమిచ్చే పదం. ఎర్రగా, పసుప్పచ్చగా మంటలా లేచే తోట రకాల కంకులను చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. అర్జెంటియా అంటే లాటిన్‌లో ‘వెండిలాంటిది’. ఈ మాట మన చేలగట్ల గునుగుదే. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో గునుగునూ సీతజడనూ వేర్వేరు జాతులుగా రాశాడు. ఇప్పుడు చాలామంది సీతజడను గునుగులోనే ఒక రకంగా లెక్కగడుతున్నారు. నిప్పులా మండే సీతజడకు వెండి పేరు అంటుకున్నది అందుకే. దాని కోడిజుట్టు రూపానికి కారణం కొన మొగ్గే. ఒక చుక్కలా పెరగాల్సిన మొగ్గ గీతలా సాగి, మడతలు పడుతుంది.

ఒక గునుగు కంకి తెంపి దగ్గరగా చూడండి. కొన గులాబీ రంగులో, అడుగు వెండి తెలుపులో ఉంటుంది. పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, ముదిరినకొద్దీ రంగు వదులుతాయి. మనం రేకులనుకునేవి కాగితంలా పొడిగా, మెరుస్తూ ఉంటాయి. వేళ్ళతో నలిపితే గలగలమంటాయి తప్ప తడి అంటదు. తెంపినా వాడకపోవడానికి ఆ పొడితనమే కారణం. ఇది తోటకూర కుటుంబపు మొక్క.

ప్రశ్న: పోయిన నవంబరులో చిన్న కుండీల్లో గునుగు గింజలు చల్లాను. మొక్కలు జానెడు కూడా పెరగకుండానే పూసి ఎండిపోయాయి. విత్తనం మంచిది కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: విత్తనంలో లోపం లేదండీ, తప్పంతా అదునుది. పగలు పొట్టిగా ఉన్న రోజుల్లో గునుగు త్వరగా పూతకొస్తుంది. నవంబరులో మొలిచిన మొక్కకు పెరిగే వ్యవధి లేదు. దానికి చలి తోడైంది, చిన్న కుండీలో వేళ్ళు చుట్టలు చుట్టుకున్నాయి. ఒత్తిడి పడ్డ మొక్క ముందుగానే కొనన కంకి వేస్తుంది. ఆ తర్వాత ఎంత ఎరువు వేసినా లేవదు.

బతుకమ్మకు పూలు కావాలంటే జూన్ మూడో వారం నుంచి జులై 10 లోపు విత్తండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. గింజలు ఆవాలకన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడతాయి. చిటికెడు గింజలకు పది చిటికెల సన్న ఇసుక కలిపి చల్లి, పైన 2 మిల్లీమీటర్లకు మించకుండా మట్టి జల్లండి. లోతుగా పడితే మొలక పైకి రాలేదు. వారంలో మొలుస్తాయి.

నారు మార్చాలంటే నాలుగైదు ఆకుల దశలోనే, వేళ్ళ మట్టి రాలకుండా మార్చండి. మొగ్గ కనిపించాక మార్చితే మళ్ళీ అదే జానెడు మొక్క. అసలు ఉండాల్సిన చోటే చల్లి, అడుగు దూరానికొకటి ఉంచి మిగతావి పీకేయడం మా దృష్టిలో మేలు. 12 అంగుళాల కుండీకి ఒక్క మొక్క చాలు. అడుగెత్తు వచ్చేలోపు కొన గిల్లితే పక్క కొమ్మలు వేసి కంకులు ఎక్కువ వస్తాయి. నీడలో పెట్టినా, యూరియా ఎక్కువ వేసినా కాడ సాగి వాలిపోతుంది. నీళ్ళు నిలిస్తే నారుకుళ్ళు వస్తుంది.

ప్రశ్న: గునుగుకు రంగు సరిగా ఎక్కడం లేదు. తాంబాలంలో పేరుస్తుంటే నల్ల గింజలు రాలుతున్నాయి.
– ఒక గృహిణి, సిద్దిపేట

జవాబు: గింజలు రాలుతున్నాయంటే కంకి మరీ ముదిరింది. గింజలుండే కాయ మూత ఊడినట్టు అడ్డంగా విచ్చుకుంటుంది, కదిలిస్తే చాలు. కింద సగం తెల్లబడి, కొనలో గులాబీ మిగిలి ఉన్నప్పుడే కోయండి. మంచు ఆరాక కోసి, 15-20 కాడలు కట్టగట్టి, చివళ్ళు సమంగా కత్తిరించండి. పొడి రేకులకు చన్నీళ్ళ రంగు పట్టదు, జారిపోతుంది. వేడినీళ్ళలో కలిపిన రంగులో కట్టను తలకిందులుగా ఒకటి రెండు నిమిషాలు ముంచి, విదిలించి, నీడలో వేలాడదీయండి. బతుకమ్మ చేరేది చెరువులోకి. అందుకే బట్టలకు వేసే రంగులు వద్దని గట్టిగా చెబుతున్నాం, తినే రంగులే వాడండి.

ప్రశ్న: గునుగాకు కూర వండుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: నిక్షేపంగా. పశ్చిమ ఆఫ్రికాలో దీన్ని ఆకుకూరగానే సాగు చేస్తారు. మొగ్గ రాకముందు లేత కొనలు తుంచి, ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి వండండి. తోటకూరలో లాగే ఇందులోనూ ఆక్సలేట్లు అనే లవణాలు ఉంటాయి, వంపేసిన నీళ్ళతో అవి కొంత పోతాయి. కలుపుమందు కొట్టిన పత్తి చేల గట్ల మీది ఆకు మాత్రం కోయకండి.